మిగతా నీళ్ళు ఎవరివి? ఏడో తరగతికి సముద్రపు ఆహార గొలుసు చెప్పబోయి చిక్కుకున్నాను

పటమట పంతులమ్మ | శనివారం, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. ఈ వారం ఏడో తరగతిలో ఒక పాఠం బోల్తా కొట్టింది. ఎక్కడ జారానో నాకు సగమే తెలిసింది, మిగతా సగం మీరు చెప్పాలి.

గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. ఏటా ఇదే గొలుసు చెప్పి నాకే విసుగు పుట్టింది. సముద్రం మనకు డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆదివారం వస్తే పిల్లల్లో సగం మంది ఇళ్ళలో చేపల పులుసే. అందుకని ఈసారి సముద్రాన్ని ఎంచుకున్నాను. ఇరవై లీటర్ల మంచినీళ్ళ టిన్ను తెప్పించి బల్ల మీద పెట్టి, ఇది వృక్ష ప్లవకాలు, అంటే నీళ్ళలో తేలే మొక్కల్లాంటి సూక్ష్మజీవులు, ఎండ నుంచి పట్టుకుని దాచుకున్న శక్తి అన్నాను. ఒక్కో మెట్టులో పది శాతం శక్తే పైకి వెళుతుందని చెప్పి, అందులోంచి 2 లీటర్లు బకెట్‌లోకి వంచాం, అది వాటిని తినే చిన్న జీవుల, అంటే జంతు ప్లవకాల వాటా. బకెట్ నుంచి 200 మిల్లీలీటర్లు గ్లాసులోకి, నెత్తళ్ళకు. గ్లాసులోంచి 20 మిల్లీలీటర్లు దగ్గు మందు మూతలోకి, వంజరానికి. చివరికి సూది తీసేసిన సిరంజిలోకి 2 మిల్లీలీటర్లు, సొర చేపకు. టిన్ను పక్కన సిరంజిని పెడితే తరగతి అంతా నోళ్ళు తెరిచింది. నేనూ మురిసిపోయాను.

అంతలో వెనక బల్ల పిల్లవాడు లేచాడు. "టీచర్, టిన్నులో ఇంకా పద్దెనిమిది లీటర్లు ఉన్నాయి. సొర చేప వచ్చి అవి తాగదా?" బకెట్‌లోనూ గ్లాసులోనూ మిగిలిన నీళ్ళను అప్పటికే కిటికీలోంచి పారబోయించాను. ఇంకో అమ్మాయి, "పారబోసిన శక్తి ఎవరిది టీచర్?" అంది. గంట కొట్టే వేళ అయింది, తొందరలో "వృథా అయిపోతుందమ్మా" అనేశాను.

ఇవాళ నోటు పుస్తకాలు దిద్దుతుంటే దాదాపు అన్నింట్లోనూ "సముద్రంలో 90 శాతం శక్తి వృథా అగును" అని ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాసి ఉంది. దానికి తోడు, నలభై రెండు మందిలో ముప్ఫై ఒక్కరు బాణాలు తిరగేసి వేశారు. సొర నుంచి వంజరానికి, వంజరం నుంచి నెత్తలికి.

సోమవారం మళ్ళీ ఇదే పాఠం. ఏం చేయమంటారు?

అరండల్‌పేట నాన్న | శనివారం, రాత్రి 9.48

మేడమ్, బాణాల సంగతి నాకు అనుభవమే. మా అబ్బాయి కూడా అలాగే వేశాడు. ఎందుకురా అంటే "బాణం వేసేది వేటగాడు కదా నాన్నా" అన్నాడు. వాడి లెక్క వాడికి సరైనదే. మనం బాణం గుర్తును శక్తి వెళ్ళే దారి అంటున్నాం, వాడికి అది రాముడి బాణం.

నేను చేసింది చిన్న పనే. బాణం కనబడినప్పుడల్లా "వెళ్ళింది" అని పైకి చదవమన్నాను. నెత్తలి వెళ్ళింది వంజరంలోకి. వంజరం వెళ్ళింది సొరలోకి. తిరగేసి వేసిన బొమ్మను వాడే చదివి, "సొర వెళ్ళింది వంజరంలోకి" అని నవ్వి చెరిపేశాడు. రెండు రోజుల్లో దారికొచ్చింది.

విశ్రాంత జంతుశాస్త్రం | శనివారం, రాత్రి 10.15

అమ్మా, మీ ప్రయోగం మంచిదే, మాట ఒక్కటి తేడా పడింది. "వృథా" అనకూడదు. గుంటూరులో ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను, డిగ్రీ విద్యార్థులు కూడా ఈ మాట దగ్గరే తడబడేవారు. శక్తి నశించదని భౌతికశాస్త్రం గంటలో చెప్పి, జీవశాస్త్రం గంటలో వృథా అయిందంటే పిల్లలు దేన్ని నమ్మాలి?

ఆ తొంభై శాతం మూడు దారుల్లో పోతుంది. మొదటిది, తినకుండా మిగిలేది. వృక్ష ప్లవకాలన్నీ ఎవరో ఒకరి నోట పడవు. మిగిలినవి చచ్చి, ముక్కలై, మంచులా అడుగుకు రాలుతాయి. రెండోది, తిన్నా ఒంటబట్టక మలంగా వెళ్ళిపోయేది. ఈ రెండూ బాక్టీరియాకు, చచ్చినవాటిని కుళ్ళబెట్టే ఇతర విచ్ఛిన్నకారులకు ఆహారం. మీ టిన్నులోని పద్దెనిమిది లీటర్లలో పెద్ద భాగం వాళ్ళ వాటాయే. మూడోది, ఒంటబట్టి కూడా బతకడానికి ఖర్చయిపోయేది. ఈదాలి, ఊపిరి తీయాలి, పారిపోవాలి, గుడ్లు పెట్టాలి. ఆ ఖర్చంతా చివరికి వేడిగా మారి నీళ్ళలోకి పోతుంది. ఆ వేడిని పట్టి తిరిగి ఆహారం చేయగల ప్రాణి లేదు. అందుకే ఎండ రోజూ కాయాలి.

ఇంకొకటి. పది శాతం అనేది శాసనం కాదు. ఈ ఆలోచనకు మూలపురుషుడు రేమండ్ లిండెమన్ అనే అమెరికా కుర్రవాడు. మిన్నెసోటా రాష్ట్రంలో సీడర్ బాగ్ అనే చిన్న సరస్సును ఏళ్ళ తరబడి కొలిచాడు. పత్రం రాసి పంపితే సమీక్షకులు మొదట తిరగ్గొట్టారు. 1942లో అచ్చయ్యేసరికి ఆయన లేడు, ఇరవై ఆరేళ్ళకే పోయాడు. ఆయన లెక్కల్లో శాకాహారుల దగ్గర 13 శాతం, వాటిని తినేవాటి దగ్గర 22 శాతం వచ్చింది. పది అన్నది తరవాతి వాళ్ళు గుర్తుకు తేలికని పెట్టుకున్న సగటు. ఏడో తరగతికి పది చాలు, కానీ "సుమారు" అన్న మాట బోర్డు మీద ఉండాలి.

రేపల్లె చెరువు గట్టు | శనివారం, రాత్రి 10.40

మాస్టారు గారికి నమస్కారం. నేను రొయ్యల రైతును, చదువు ఇంటరుతో ఆగింది. నాకో అనుమానం. పదో వంతే పైకి వెళితే కిలో రొయ్యకు పది కిలోల మేత పెట్టాలి కదా? మా చెరువులో వెనామీ రకం రొయ్యకు ఎఫ్‌సీఆర్ (మేతకూ పెరిగిన బరువుకూ ఉన్న లెక్క) 1.4 వచ్చింది. అంటే కిలో నాలుగు వందల గ్రాముల మేతకు కిలో రొయ్య. ఈ లెక్కన డెబ్బై శాతం పైకి వెళ్ళినట్టే. పుస్తకం తప్పా, నా తూకం తప్పా?

బందరు కాలువ | శనివారం, రాత్రి 10.44

తూకం తప్పయితే అది కొన్నవాడి తూకం అయి ఉంటుంది, రైతు తూకం కాదు 🙂

విశ్రాంత జంతుశాస్త్రం | శనివారం, రాత్రి 11.05

రైతు గారి ప్రశ్న బంగారం లాంటిది. పుస్తకం, తూకం రెండూ ఒప్పే. మేత పొడిది, రొయ్య తడిది. అక్కడుంది మెలిక.

మేతలో తేమ పది శాతం అనుకుందాం. 1,400 గ్రాముల్లో పొడి పదార్థం 1,260 గ్రాములు. రొయ్య ఒంట్లో ముప్పావు వంతు నీరే. కిలో రొయ్యను ఎండబెడితే మిగిలేది 250 గ్రాములు. 1,260కి 250 అంటే దాదాపు 20 శాతం. నీటిని తూకంలోంచి తీసేస్తే మీ డెబ్బై కాస్తా ఇరవైకి దిగింది.

మరి పది కాకుండా ఇరవై ఎందుకంటే, మీ రొయ్యది రాజభోగం. మేత నోటి దగ్గరికి వస్తుంది, పులి లేదు, పరుగు లేదు, పెళ్ళీ పేరంటం లేదు. లేత వయసులో, మూడు నాలుగు నెలలకే పట్టేస్తారు. పైగా చెరువు నీళ్ళలోని ప్లవకాలను కూడా అది తింటుంది, వాటిని మీరు తూచలేదు. సముద్రంలో రొయ్యకు ఈ సుఖం ఎక్కడిది?

రేపల్లె చెరువు గట్టు | శనివారం, రాత్రి 11.20

అర్థమైంది మాస్టారూ. పదేళ్ళుగా ఎఫ్‌సీఆర్ చూస్తున్నాను, నీటి సంగతి ఒక్కరోజూ తట్టలేదు.

పంతులమ్మ గారూ, పిల్లలను ఒకసారి మా చెరువుకు తీసుకురండి. తెల్ల పళ్ళేన్ని తాడు కట్టి నీళ్ళలోకి దించుతాం. 30, 40 సెంటీమీటర్ల లోతులో కనబడకుండా పోతే ప్లాంక్టన్, అదే మీ ప్లవకాలు, బాగున్నట్టు. అడుగు దాకా కనబడితే నీళ్ళలో ఏమీ లేనట్టు. మరీ పచ్చబడితే అదీ ప్రమాదమే, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది అందుకే. పగలు ఆక్సిజన్ ఇచ్చిన పచ్చదనమే రాత్రి పూట దాన్ని పీల్చేస్తుంది.

సత్యనారాయణపురం అమ్మ | ఆదివారం, ఉదయం 7.10

రాత్రంతా చదివాను, ఇప్పుడు ఇడ్లీ పొయ్యి మీద పెట్టి రాస్తున్నాను. శక్తి ఎక్కడికి పోయిందో చూపించడానికి సొర చేప దాకా ఎందుకు? మా పదేళ్ళ వాడు చాలు.

నిరుడు పుట్టినరోజుకు 27 కిలోలు, మొన్నటి పుట్టినరోజుకు 30. ఏడాదికి మూడు కిలోలు పెరిగాడు. అన్నం, పప్పు, పెరుగు, ఇడ్లీ అన్నీ కలిపి రోజుకు కిలోకు తక్కువ తినడు. అంటే ఏడాదిలో 365 కిలోలు. మూడు కిలోలు వాడి ఒంట్లో ఉన్నాయి. మిగతా 362 కిలోలు ఏమయ్యాయిరా అని అడిగాను. ముందు బాత్రూము వైపు చూపించి నవ్వాడు. సరే, ఇంకా? కాసేపు ఆలోచించి, "ఆడుకున్నాను" అన్నాడు. చేయి నుదుటి మీద పెట్టుకోమన్నాను. వెచ్చగా ఉందన్నాడు. ఆ వెచ్చదనం నిన్న తిన్న అన్నమే అన్నాను. అప్పటి నుంచి కనబడిన వాళ్ళ నుదురల్లా ముట్టుకుంటున్నాడు.

విశ్రాంత జంతుశాస్త్రం | ఆదివారం, ఉదయం 8.00

భేషుగ్గా ఉందమ్మా. ఒక్క జాగ్రత్త. బరువూ శక్తీ ఒకటి కాదు. 362 కిలోల్లో ఎక్కువ భాగం నీరే, మిగిలినదాంట్లో చాలా భాగం ఊపిరితో బొగ్గుపులుసు వాయువుగా వెళ్ళింది. పదార్థం తిరిగి మొక్కకు చేరుతుంది, శక్తి చేరదు. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు రెండింటినీ కలిపేస్తారు.

శక్తిలోనే లెక్క కావాలంటే ఇదిగో. పదేళ్ళ పిల్లవాడికి రోజుకు సుమారు 2,000 కిలో క్యాలరీలు, ఏడాదికి 7,30,000. పెరిగిన మూడు కిలోల ఒంట్లో నిలిచేది మహా అయితే ఆరేడు వేలు. అంటే ఒక శాతం కూడా కాదు. మనది వెచ్చని రక్తం. ఒంట్లో పొయ్యి ఆరకుండా మండాలి, దానికే సంపాదన అంతా ఖర్చు. చేపకు ఆ పొయ్యి లేదు, అందుకే అది మనకన్నా పొదుపరి.

నిజాంపట్నం రేవు | ఆదివారం, ఉదయం 9.30

మాది వేట మీద బతికిన ఇల్లు. నేను మాత్రం బెజవాడలో ఉద్యోగం చేస్తున్నాను. టీచరు గారూ, ఈ గొలుసు పుస్తకంలోది మాత్రమే కాదని పిల్లలకు చూపించే సంగతి ఒకటి చెబుతాను.

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. సముద్రం మీద చేపలు దొరికే చోటు ఎక్కడ ఉండవచ్చో మత్స్యకారులకు సూచనలు ఇస్తుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎంత దూరం, ఎంత లోతు అని తెలుగులో కూడా వస్తాయి. అయితే ఉపగ్రహానికి చేప కనబడదు. అది చూసేది నీటి పచ్చదనం, నీటి వేడి. పచ్చదనం ఉన్నచోట వృక్ష ప్లవకాలు, వాటి వెనక జంతు ప్లవకాలు, వాటి వెనక కవళ్ళు, కానాగంతలు, వాటి వెనక వంజరం. మా తాత నీటి రంగు చూసి, పక్షులు వాలేచోటు చూసి వల వేసేవాడు. ఉపగ్రహం చేసేదీ ఆ పనే, ఇంకాస్త ఎత్తు నుంచి.

రేపల్లె అన్నగారికి ఒక మాట. మీ రొయ్యల మేతలో చేపల పొడి ఉంటుంది. అది ఎవరి పొడి? మా కవళ్ళు, నెత్తళ్ళదే. మీ గొలుసు చెరువులో మొదలు కాలేదు, సముద్రంలోనే మొదలైంది. మీ 1.4లో ఆ చేపల ఖర్చు కలపలేదు.

రేపల్లె చెరువు గట్టు | ఆదివారం, ఉదయం 9.52

నిజమే తమ్ముడూ, కాదనను. మేత బస్తా ధర పెరిగినప్పుడల్లా చేపల పొడి ధర పెరిగిందనే చెబుతారు మాకు.

శాకాహారి | ఆదివారం, ఉదయం 10.05

అయితే అందరూ కూరగాయలే తింటే సరి. పదింతలు మిగులుతుంది.

నిజాంపట్నం రేవు | ఆదివారం, ఉదయం 10.08

మొదలైంది.

బందరు కాలువ | ఆదివారం, ఉదయం 10.30

ఆ పోరు ఇక్కడ వద్దు, దానికి ఇంకో చర్చ తెరవండి. కానీ అందులో పిల్లలకు పనికొచ్చే విషయం ఒకటుంది. భూమి మీద మనం మేకను తింటాం, అది ఆకు తింటుంది. పులిని ఎవరూ తినరు. సముద్రంలో మాత్రం మనకు ఇష్టమైనది పులే. వంజరం అంటే ప్లవకాలను తిన్నవాటిని తిన్న నెత్తలిని తిన్న చేప. పది శాతం లెక్కన కిలో వంజరం వెనక పది కిలోల నెత్తళ్ళు, వంద కిలోల జంతు ప్లవకాలు, వెయ్యి కిలోల వృక్ష ప్లవకాలు. చేపల బజారులో దాని ధర చూస్తే ఈ లెక్క ఎవరో వేసే పెట్టారనిపిస్తుంది. (ధరకు ఇంకా చాలా కారణాలు ఉన్నాయి, మాస్టారు తిట్టకముందే ఒప్పుకుంటున్నాను.)

నా అసలు అనుమానం వేరు. తిండి కింద, తినేవాళ్ళు పైన ఉండేలా బరువులను పేర్చి పిరమిడ్ గీస్తారు కదా, సముద్రంలో అది తలకిందులుగా ఉంటుందని చదివాను. 2018లో భూమి మీద జీవరాశి మొత్తాన్ని కార్బన్ లెక్కలో తూచారు. సముద్రంలో ఆహారం తయారుచేసే ఉత్పత్తిదారులు సుమారు ఒక గిగాటన్ను (వంద కోట్ల టన్నులు), వాటి మీద ఆధారపడినవి సుమారు ఐదు. తినేవాళ్ళు తిండికి ఐదింతలున్నారు! మరి పంతులమ్మ గారి టిన్ను పెద్దదిగా, సిరంజి చిన్నదిగా ఉండటం ఎలా ఒప్పు?

పటమట పంతులమ్మ | ఆదివారం, ఉదయం 10.41

ఇది మాత్రం ఆ వెనక బల్ల వాడి చెవిన పడకూడదు.

సత్యనారాయణపురం అమ్మ | ఆదివారం, ఉదయం 11.15

నాకు సైన్సు పెద్దగా రాదు. మా వీధి చివర ఇడ్లీ బండి ఉంది. ఎప్పుడు చూసినా పాత్రలో ఒక వాయి ఇడ్లీలే, చుట్టూ ముప్ఫై మంది జనం. ఆ క్షణంలో ఫొటో తీస్తే తినేవాళ్ళ బరువు టన్నున్నర, ఇడ్లీల బరువు రెండు కిలోలు. అయినా ఎవరూ పస్తు ఉండరు. పది నిమిషాలకో వాయి దిగుతుంది కదా. మీ ప్లవకాలది కూడా అలాంటిదేమో?

విశ్రాంత జంతుశాస్త్రం | ఆదివారం, ఉదయం 11.40

అమ్మా, నేను ముప్ఫై ఏళ్ళు పట్టికలతో చెప్పినది మీరు ఒక్క వాయిలో దించారు.

సరిగ్గా అదే. వృక్ష ప్లవకం ఒకటి రెండు రోజుల్లో రెండవుతుంది, అయీ కాకముందే ఎవరో మింగేస్తారు. నిల్వ తక్కువ, రాబడి ఎక్కువ. భూమి మీద చెట్లతో పోలిస్తే వాటి బరువు ఏ మూలకూ రాదు, అయినా ప్రపంచంలో కిరణజన్య సంయోగ క్రియ తయారుచేసే ఆహారంలో సుమారు సగం వాటిదే. బరువుల పిరమిడ్ తలకిందులు కావచ్చు, శక్తి పిరమిడ్ ఎన్నడూ కాదు. అది ఫొటో, ఇది రోజంతా రాసిన ఖాతా. పంతులమ్మ గారి టిన్ను ఖాతా కనుక ఒప్పే.

నీలి తిమింగలం సంగతి కూడా ఇక్కడే చెప్పండి. అంత ఒళ్ళు పెట్టుకుని రొయ్యలాంటి వేలెడంత క్రిల్‌ను తింటుందేమని పిల్లలు తప్పక అడుగుతారు. క్రిల్ నేరుగా వృక్ష ప్లవకాలను తింటుంది. మధ్యలో దళారులు తక్కువ. రోజుకు టన్నుల కొద్దీ తిండి కావలసిన ప్రాణి వంజరం లాంటి చేపలను వెతుక్కుంటూ పోతే దాని సంతతికి సముద్రం చాలదు.

అరండల్‌పేట నాన్న | ఆదివారం, మధ్యాహ్నం 2.20

శక్తి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది సరే, చేపల ఒంట్లో పాదరసం అనే విషం మాత్రం పెరుగుతుందంటారు. రెండూ ఒకే గొలుసులో ఎలా?

విశ్రాంత జంతుశాస్త్రం | ఆదివారం, మధ్యాహ్నం 3.00

శక్తి ఖర్చవుతుంది. పాదరసం ఖర్చు కాదు, సులభంగా బయటికీ పోదు. పది కిలోల నెత్తళ్ళు తిన్న వంజరం వాటి శక్తిని ఊదేసి, వాటి పాదరసాన్ని మాత్రం ఒంట్లో దాచుకుంటుంది. అందుకే గర్భిణులు, చిన్నపిల్లలు సొర, కత్తి చేప లాంటి పెద్ద వేటచేపలకు దూరంగా ఉండాలంటారు. నెత్తళ్ళకు ఆ బెడద తక్కువ.

పటమట పంతులమ్మ | సోమవారం, రాత్రి 8.50

ఇవాళ పాఠం ఎలా జరిగిందో రాస్తున్నాను.

టిన్ను మళ్ళీ బల్ల ఎక్కింది. ఈసారి కిటికీ మూయించాను. బల్ల కింద రెండు ఖాళీ బకెట్లు పెట్టాను, ఒకదాని మీద "విచ్ఛిన్నకారులు", రెండోదాని మీద "వేడి" అని రాసి. ప్రతి మెట్టులోనూ మిగిలినది ఏ బకెట్‌లోకి ఎంత పోయాలో పిల్లలే వాదించుకుని పోశారు. కొలతలు సరిగ్గా లేవు, ఉండనవసరం లేదనుకున్నాను. వెనక బల్ల వాడిని బాక్టీరియా చేసి మొదటి బకెట్ దగ్గర కూర్చోబెట్టాను. పద్దెనిమిది లీటర్లలో ఎక్కువ భాగం తన దగ్గరికే రావడంతో వాడి ఛాతీ పొంగింది. "సొర చేప కన్నా నేనే ధనవంతుణ్ణి" అన్నాడు. నేనూ ఎప్పుడూ అలా ఆలోచించలేదు. అయితే వాడు కూడా బతకాలి కదా అని రెండో బకెట్‌ను వాడి ముందుకు జరిపాం. వాడి నీళ్ళు గ్లాసు తరవాత గ్లాసు అందులోకి పోతుంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఎండ మళ్ళీ టిన్ను నింపేదాకా అంతే అన్నాను. విచ్ఛిన్నకారుల నీళ్ళను వేప మొక్కకు పోశాం. వేడి బకెట్‌ను ఏం చేయాలో తోచక బయట సిమెంటు గచ్చు మీద పోస్తే ఎండకు ఇట్టే ఆరిపోయింది. అదృష్టం కొద్దీ ఉపమానం కుదిరింది.

నుదురు ముట్టుకునే ఆట పెట్టాను, ఐదు నిమిషాలు తరగతి నా చేతిలో లేదు. బాణాలు "వెళ్ళింది" అని చదివించాను. ఈసారి తిరగేసిన వాళ్ళు నలుగురే.

పారబోసిన శక్తి ఎవరిదని అడిగిన అమ్మాయి మళ్ళీ లేచింది. వెలుతురు చేరని అడుగున ఏముంటాయి, వాటికి టిన్ను ఎవరిస్తారు అంది. పైనుంచి రాలే తిండి గురించి చెప్పాను. 1977లో గలపాగోస్ దీవుల దగ్గర సముద్రం అడుగున వేడి నీటి బుగ్గలు కనబడ్డాయని, అక్కడి బాక్టీరియా ఎండ లేకుండా రసాయనాల నుంచే ఆహారం చేసుకుంటుందని కూడా చెప్పాను. "అయితే అక్కడ ఇంకో టిన్ను ఉంది" అని రాసుకుంది.

మిగిలిన కోరిక ఒక్కటే. నలభై రెండు మందిలో ఒక్కరూ ప్లవకాన్ని కళ్ళతో చూడలేదు. మా బీరువాలో సూక్ష్మదర్శిని ఉంది, దాని తాళం చెవి కోసం ఇవాళ అర్జీ పెట్టాను.

నిజాంపట్నం రేవు | సోమవారం, రాత్రి 9.15

వచ్చే ఆదివారం ఊరికి వెళుతున్నాను మేడమ్. పలుచని నైలాను మేజోడు మూతికి తీగ చుట్టి, చివర కోసి చిన్న సీసా కట్టి పడవ వెనక పావుగంట లాగుతాను. మరీ చిన్న వృక్ష ప్లవకాలు జారిపోతాయి, జంతు ప్లవకాలు తప్పక పడతాయి. సాయంత్రం బస్సులో తెస్తాను. ఎక్కడ ఇవ్వమంటారు?

విశ్రాంత జంతుశాస్త్రం | సోమవారం, రాత్రి 9.22

వాటితో పాటు వలలో పడని మామూలు సముద్రపు నీళ్ళు ఒక సీసాడు తే నాయనా, వృక్ష ప్లవకాలు అందులో దొరుకుతాయి. సీసాలు నిండా నింపకు, పైన గాలి ఉండాలి. తడి గుడ్డ చుట్టి నీడలో పెట్టు. ఎండలో పెడితే బెజవాడ చేరేలోగా అన్నీ విచ్ఛిన్నకారుల బకెట్‌లో పడతాయి.

పటమట పంతులమ్మ | సోమవారం, రాత్రి 9.30

బెంజి సర్కిల్ దగ్గర దిగండి, మా వెనక బల్ల వాడిని వెంటబెట్టుకుని నేనే వస్తాను. సీసా తనే పట్టుకుంటాడట.